అరువు ముక్కు

ఆదివారం అబిడ్స్‌లో చాలా షాపులకు సెలవు. దించిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. మొన్న అక్కడ వంగి ఏరుకుంటుంటే అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు వంటల పుస్తకం ఒకటి చేతికొచ్చింది. కేకులు, బిస్కట్లు, బ్రెడ్డు. కేకు కాలుతుండగా ఓవెన్ తలుపు తియ్యొద్దని అచ్చులో ఉంది. దాని పక్కన నీలం ఇంకుతో, తెలుగులో, ఒకే మాట ఉంది: "అబద్ధం."

పేజీ తిప్పాను. గుడ్లు చల్లగా ఉండకూడదట. పక్కన: "అబద్ధం. చేసి చూసిన." ఇంకో పేజీలో వెన్న పది నిమిషాలు గిలకొట్టమన్నారు. పక్కన: "ఏడు చాలు. చెయ్యి గుంజుతది."

అచ్చు పుస్తకాలతో ఇంత సొంత పగ పెట్టుకున్న మనిషి హైదరాబాదులో నాకు తెలిసి ఒక్కరే. ఆయన మొన్న వానాకాలంలో పోయారు.

నా గుండె ఒక్క క్షణం ఆగింది అని రాస్తే బాగుంటుంది గానీ ఆగలేదు. వెనక నుంచి ఎవరో "జర జరుగు భాయ్" అన్నారు, జరిగాను. పుస్తకం పట్టుకుని షట్టరు మెట్టు మీద కూర్చున్నాను. ఇది ఇక్కడికెట్లా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఆయన పోయాక వాళ్ళావిడ, మా ఆంటీ, అల్మారా ఖాళీ చేసి పుస్తకాలన్నీ పాత కాగితాలు కొనే రద్దీవాడికి ఇచ్చేసింది. ఎందుకిచ్చేశారని అడిగితే, "ఇంట్ల అబద్ధాలెక్కువైనయ్ బిడ్డా" అంది.

ఆయన పోవడం కూడా ఆయన పద్ధతిలోనే జరిగింది. మధ్యాహ్నం భోజనానికి కూర్చుని, "పప్పుల పోపు మాడింది" అని చెప్పి, అయినా రెండుసార్లు వడ్డించుకుని, వెళ్ళి పడుకున్నారు. మళ్ళీ లేవలేదు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకూ ఆంటీ అదే చెప్పింది. "ఆఖరి మాట గదే. పోపు మాడిందన్నడు." ఆ పైన, "మాడింది నిజమే" అని కళ్ళు తుడుచుకునేది.

మా గల్లీలోనూ, మా గుడిలోనూ ఆయన్ని అందరూ లాబంకుల్ అనేవాళ్ళు. గుడి అంటే చర్చే. మెదక్ వైపు నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డవాళ్ళం, మా ఇళ్ళల్లో దాన్ని గుడి అనే అంటాం. బషీర్‌బాగ్ దగ్గర ఒక కాలేజీలో, కెమిస్ట్రీ లాబులో ఆయన రిటైరయ్యేదాకా అటెండరు. కెమిస్ట్రీ చదవలేదు. గాజు గొట్టాలు కడిగారు. "లెక్చరర్లు చెప్పిన దాంట్ల కన్న వాళ్ళు సింకుల పారవోసిన దాంట్ల ఎక్కువ నేర్చుకున్న" అనేవారు. రిటైరైన రోజు కాలేజీవాళ్ళు శాలువా కప్పారు. ఆయన మాత్రం తన తెల్ల కోటు అడిగి తెచ్చుకున్నారు. ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా ముందు ఆ కోటు తొడుక్కునేవారు. ఆ కోటు కనబడగానే ఆంటీ కిటికీలు తెరిచేది.

ఆయన దగ్గర ఒకే ఒక ప్రశ్న ఉండేది. చీమలకు పసుపు చల్లండి అని ఎవరైనా అంటే, "చేసి చూసినవా?" పొద్దున్నే వేడినీళ్ళు తాగితే పొట్ట తగ్గుతుంది అంటే, ఆ చెప్పినాయన పొట్ట వైపు చూసి, "చేసి చూసినవా?" ఒక ఆదివారం మా గుడి పాస్టరు అయ్యగారు, పేతురు నీళ్ళ మీద నడిచిన సంగతి ముప్పావుగంట ప్రసంగించారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చేయి కలుపుతూ లాబంకుల్, "బాగ చెప్పిన్రు అయ్యగారూ" అన్నారు. అయ్యగారు సంతోషించారు. "చేసి చూసిన్రా?" అన్నారు లాబంకుల్. ఆంటీ వెనక నుంచి ఆయన నడుము గిల్లిన గిల్లుడు వరస మొత్తం చూసింది.

ఆయన చేసి చూసినవి చాలా ఉన్నాయి. సొంతంగా సబ్బు చేశారు. మురికి పోయింది, దాంతోపాటు స్నానాల గది గచ్చు మీది ఎర్రరంగు కూడా పోయింది. సొంతంగా జుట్టుకు రంగు చేశారు. అది నల్లగా రాలేదు, ఊదాగా వచ్చింది. ఎవరైనా అయితే టోపీ పెట్టుకుంటారు. ఈయన ఎన్నాళ్ళు నిలుస్తుందో రీడింగ్ తీసుకోవాలని నాలుగు ఆదివారాలు అట్లాగే గుడికి వచ్చారు. అవి లెంటు రోజులు, ఈస్టరు ముందటి ఉపవాసాలు, గుడిలో బల్ల మీద గుడ్డ కూడా ఊదా రంగే కాబట్టి భక్తి కొద్దీ చేసుకున్నారని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకున్నారు.

ఇదంతా తిక్క అనుకునేరు. ఒక పద్ధతి ఉంది. ఏది నేర్చుకోవాలన్నా ముందు రెండుసార్లు కావాలని చెడగొట్టాలి. "ఒకటి పచ్చిగ చెడగొట్టు, ఒకటి మాడగొట్టు. రెండు కొసలు చేతికి దొరికినయంటె నడుమ ఏడున్నదో అదే తెలుస్తది." ఇంటర్‌లో ఉండగా నాకు టీ పెట్టడం నేర్పించింది ఆయనే. మొదటి టీ గోరువెచ్చని పాలనీళ్ళు. రెండోది రోడ్డుకు పోసే తారు. రెండూ తాగించారు. మూడోది నా జీవితంలో నేను తాగిన అన్ని టీలలోకి గొప్పది. మొదటి రెండు తాగిన నోటికి ఏదైనా గొప్పదే అనుకోండి. ఇంట్లో ఆ కొసలన్నీ ఆంటీ వంతుకే వచ్చేవి. "ఈయన నేర్చుకున్న విద్యలన్ని నేనే తిన్న" అనేది.

ఇక కేకు సంగతి.

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే నాంపల్లి చుట్టుపక్కల కొన్ని బేకరీల వెనక వైపు జాతరలా ఉంటుంది. ముందు వైపు మామూలుగా బిస్కట్లూ పఫ్‌లూ అమ్ముకుంటూ ఉంటారు. వెనక భట్టీ దగ్గర మావాళ్ళు స్టీలు గిన్నెలు, గుడ్ల అట్టలు, చక్కెర సంచులు పట్టుకుని బెంచీల మీద కూర్చుంటారు. ఇంట్లో ఓవెన్ ఉన్నా సరే, క్రిస్మస్ కేకు భట్టీలోనే కాలాలి. సామాను మనది, నిప్పు వాళ్ళది. గుడ్లు మన కళ్ళముందే కొట్టాలి. ట్రేకి మన పేరు రాసిన చీటీ అంటించాలి. ఈ లోపల మన జీడిపప్పు పక్కింటివాళ్ళ గిన్నెలోకి పోకుండా ఇంటికొకరు కాపలా. లోకానికి శాంతి కలగాలని పాడుకుంటూ తిరిగే వారంలోనే మావాళ్ళు జీడిపప్పు విషయంలో సొంత తోడికోడల్ని కూడా నమ్మరు.

మా గుడి కేకు కూడా అక్కడే కాలుతుంది. పండగ రోజు ఆరాధన తర్వాత అందరికీ పంచే కేకు, పద్దెనిమిది ట్రేలు, ఇరవై నాలుగో తారీఖు పొద్దున. ఆ భట్టీకి మీటరు లేదు, గంట లేదు. పొడుగాటి కర్రతో ట్రేలు లోపలికి తోసే ఉస్తాద్ ఉంటాడు. ఆయన పక్కన తెల్ల కోటులో లాబంకుల్. కళ్ళు మూసుకుని, ముక్కు పైకెత్తి, భట్టీ నోటి ముందు నిలబడేవారు. కాసేపటికి "తియ్యి!" అనేవారు. ఉస్తాద్ తీసేవాడు. ఒక్క ట్రే పచ్చిగా వచ్చింది లేదు, ఒక్కటి మాడింది లేదు. "సాబ్ ముక్కు ఘడియారం కన్న పక్కా" అని ఉస్తాద్ కొత్తవాళ్ళకు చూపించి చెప్పేవాడు.

గుడిలో లాబంకుల్‌కి ఇంకే పదవీ లేదు. కమిటీలో లేరు. పాట అందుకుంటే పక్కవాళ్ళు పాటల పుస్తకంలో తల దూర్చేవాళ్ళు. కానీ ఏడాదిలో ఒక్క పొద్దున, ఆయన "తియ్యి" అంటే తీసేవాళ్ళు.

ఆ ఒక్క పొద్దుటి మీద కూడా ఒకరి కన్ను ఉండేది. మా స్త్రీల సమాజం ప్రెసిడెంటమ్మ. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైంది. సంతకం లేని పని ఆమెకు పని కాదు. ఆమె కోరిక డబ్బా కేకు. "ఒక్కో డబ్బాల ఒక్కో ముక్క, పైన మూత, మూత మీద బైబిల్ వాక్యం. చెయ్యి తగలది, పొడి రాలది" అనేది. లాబంకుల్ ముక్కు మీద గుడి క్రిస్మస్ నడవడం ఆమెకు నచ్చేది కాదు. "ఒక్క ట్రే చెడిందంటె వచ్చే ఏడాదికెళ్ళి డబ్బా కేకే" అని కమిటీలో రాయించి పెట్టింది. రాయించడమంటే, నిజంగానే మినిట్సులో.

అట్లాంటప్పుడు అందరికీ వచ్చిన జ్వరం లాబంకుల్‌కి కూడా వచ్చింది. అందరికీ తగ్గినట్టే ఆయనకూ తగ్గింది. ముక్కు మాత్రం తిరిగి డ్యూటీలో చేరలేదు.

ఆ సంగతి నాకు ఎట్లా తెలిసిందంటే, ఒకరోజు డాబా మీదికి రమ్మన్నారు. వెళ్ళేసరికి తెల్ల కోటు. పిట్టగోడ మీద ఎనిమిది సీసాలు, మూతల మీద నెంబర్లు. "కండ్లు మూసుకొని వాసన చూసి చెప్పు."

"ఫినాయిల్," అన్నాను. "కిరోసిన్. ఇంగువ. కాఫీ పొడి. ఐదోది ఎండు చాపలు అంకుల్, దండం పెడతా మూత పెట్టండి."

ఎనిమిదీ చెప్పాను. ఎనిమిదింటికీ కాగితం మీద టిక్కు పెట్టారు. ఏదో బహుమతి ఇస్తారనుకున్నాను. ఆయన సీసాలన్నీ వరసగా తన ముక్కు దగ్గర పెట్టుకుని, పక్కన పెట్టేశారు.

"నాకు ఎనిమిది ఒక్కటే బిడ్డా. ఉత్త గాలి."

"ఎప్పట్నించి అంకుల్?"

"నాలుగు నెలలాయె. కిరోసిన్ కాడ, ఫినాయిల్ కాడ ఏమనిపియ్యలేదు. ఎండు చాపల కాడికి వచ్చేసరికి కండ్లళ్ళ నీళ్ళొచ్చినయ్."

"నాకూ వచ్చినయ్ అంకుల్. వాసనకు."

ఆయన నవ్వారు. అది చాలు. నాలుగు నెలల్లో ఎవరికీ చెప్పని మనిషి నాకెందుకు చెప్తున్నారో అప్పటికే అర్థమైంది, కానీ డ్రామా ఎక్కువవుతుందని ఆంటీకి తెలుసా అని అడిగాను.

"తెల్వది. కానీ అనుమానమొచ్చింది. మొన్న కూర మాడిందట. నేను మంచిగున్నదన్న. పెండ్లైన కాడికెళ్ళి కూర మంచిగున్నదని ఎన్నడన్లే. అప్పటి సంది నా దిక్కు అదోతీరుగ చూస్తున్నది." తర్వాత అసలు సంగతికి వచ్చారు. "ప్రెసిడెంటమ్మకు తెలిస్తె ఈ డిసెంబరే డబ్బా కేకు. నీ ముక్కు అరువియ్యి."

"నాకు కేకుల గురించి ఏం తెల్వదు అంకుల్."

"నౌకరీల ఏం జేస్తవ్ నువ్వు?"

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంకొకళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టడం. అదే చెప్పాను.

"గదే పని," అన్నారు.

సెప్టెంబరు నుంచి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళ వంటింట్లో ట్రైనింగ్. పాత కుక్కర్‌లో ఇసుక పోసి, దాంట్లో గిన్నె పెట్టి, చిన్న కేకు. ముందు పద్ధతి ప్రకారం ఒకటి పచ్చిగా దించాం, ఒకటి బొగ్గయ్యేదాకా ఉంచాం. పొగకు ఆంటీ వరండాలోకి పోయి కూర్చుంది. ఏదో టీవీ పోటీకి తయారవుతున్నామని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని మేం చెడగొట్టలేదు.

మూడో కేకు పొయ్యి మీదికెక్కింది. "మంచి వాసన వస్తోంది అంకుల్," అన్నాను.

"మంచిది అనేది వాసన కాదు, నీ అభిప్రాయం. రీడింగ్ చెప్పు."

"అంటే?"

"నీకు ఏం యాదికొస్తున్నది? నా మాటలు నాకొద్దు. నీ మాటల్ల చెప్పు."

ఇట్లాంటి పరీక్ష నాకు ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనూ పెట్టలేదు. నాలుగైదు ఆదివారాలు తిప్పలు పడి, కేకు కాలేటప్పుడు వచ్చే వాసనలు నాలుగని తేల్చాను. మొదటిది, వానలో తడిసిన కుక్క. అంటే గుడ్డు ఇంకా పచ్చిగా ఉంది. రెండోది, కొత్త చెప్పుల షాపు. మూడోది, మా అమ్మమ్మ బట్టల పెట్టె మూత తీసినప్పటి వాసన. నాలుగోది, బస్సు బ్రేకు. మూడోది బాగా వచ్చాక, నాలుగోది రాకముందు తియ్యాలి. ఎవరైనా అయితే నవ్వేవాళ్ళు. ఆయన ఒక్కొక్కటీ నెమ్మదిగా రాసుకున్నారు. "కుక్క ఏ రంగుది?" అని మాత్రం అడిగారు. ఆయన కూడా కాస్త జోకు వేశారేమో అనుకున్నాను. పెన్ను పట్టుకుని జవాబు కోసం చూస్తున్నారు.

ఆ డిసెంబరు భట్టీ దగ్గర మా ఏర్పాటు ఇదీ: ఆయన ముందు, ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని. నేను వెనక. అమ్మమ్మ పెట్టె మూత పూర్తిగా తెరుచుకోగానే దగ్గుతాను. ఆయన "తియ్యి!" అంటారు. పద్దెనిమిది ట్రేలు, మూడు వాయిలు, మూడు దగ్గులు. కేకులు ఎప్పటికంటే బాగా వచ్చాయని అయ్యగారు కూడా అన్నారు. ఒక్క ఉస్తాద్ మాత్రం నన్ను పక్కకు తీసుకుపోయి, "బాబూ, దవాఖానల చూపించుకో. ప్రతిసారి కేకు తీసేటప్పుడే దగ్గుతున్నవ్," అన్నాడు.

మరుసటి ఏడాది డిసెంబరు ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు, మూడు సాయంత్రాలూ ఓపెన్ ట్రక్కులో నిలబడి క్యారల్స్ పాడుతూ తిరిగాను. పాడమని ఎవరూ బతిమాలలేదు. ఇరవై మూడున పొద్దున లేచేసరికి ముక్కు రెండు వైపులా సిమెంటు పోసినట్టు మూసుకుపోయింది. ఆవిరి పట్టాను. కషాయం తాగాను. పరీక్ష కోసం ఎండు చేపల సీసా అడుగుదామనుకున్నాను గానీ అడిగితే తెలిసిపోతుందని ఊరుకున్నాను. ఏడాదికి ఒక్కరోజు పనికొచ్చే ఉద్యోగం నాది, ఆ ఒక్కరోజుకు సెలవు పెట్టడానికి నోరు రాలేదు. పోయినేడు ఎంతసేపు పట్టిందో గుర్తుంది కదా, గడియారం చూసి దగ్గుదాం అనుకున్నాను.

ఇరవై నాలుగు పొద్దున భట్టీ దగ్గరికి పోతే ప్రెసిడెంటమ్మ అప్పటికే బెంచీ మీద ఉంది. ఒళ్ళో డబ్బా కేకు, సాంపుల్. "ఊకెనే చూస్తానికొచ్చిన," అంది. బ్యాంకులో తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా అట్లాగే అంటారట.

మొదటి వాయి, ఆరు ట్రేలు లోపలికి పోయాయి. అంకుల్ కళ్ళు మూసుకున్నారు. నేను గడియారం చూశాను. టైమైందనుకుని దగ్గాను. నిజంగానే జలుబు కాబట్టి ఆ దగ్గు ఆగలేదు. "తియ్యి!" అన్నారు అంకుల్.

పోయినేడు భట్టీలో కట్టెలు ఎండువి. ఈసారి పచ్చివి. గడియారానికి ఆ సంగతి తెలియదు. ఆరు ట్రేలు బల్ల మీద పెట్టగానే ఆరింటి నడుమలూ మెల్లగా గుంటలు పడ్డాయి. ప్రెసిడెంటమ్మ లేచి నిలబడి, చేతిసంచీలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది.

అంకుల్ నన్ను పక్కకు లాగారు. "ముక్కేమాయె?"

"మూసుకపోయింది అంకుల్."

"ఎప్పటి సంది?"

"నిన్నటి నుంచి."

"చెప్పొద్దా మరి?"

"మీరు చెప్పిన్రా, ఆమెకు?"

ఆయన ఆ గుంటలు పడ్డ కేకుల దగ్గరికి పోయి, వంగి చూస్తూ ఉండిపోయారు. వంగినవారు వంగినట్టే ఉన్నారు. వయసైంది, నడుం పట్టిందేమో అనుకున్నాను. చెయ్యి పైకెత్తి, "చుప్!" అన్నారు.

"ఏంది?" అంది ప్రెసిడెంటమ్మ.

"జర అందరు చుప్ ఉండుండ్రి. ఉస్తాద్, మిషిన్ బంద్ చెయ్."

నాంపల్లిలో పట్టపగలు నిశ్శబ్దం ఎట్లా ఉంటుందో నేను మొదటిసారి విన్నాను. గుడ్లు గిలకొట్టే మిషిన్ ఆగింది. జీడిపప్పు కాపలాదార్లు కూడా మాటలు ఆపారు. అంకుల్ చెవి కేకు మీదికి వంచారు, చిన్నపిల్లల గుండె వింటున్నట్టు.

"మాట్లాడుతున్నది," అన్నారు.

అందరూ ఆయన వైపు అనుమానంగా చూశారు. నేనూ చూశాను. తర్వాత చెవి పెట్టాను. నిజమే. కేకు లోపల సన్నగా చిటచిట, బుసబుస. అప్పుడే మూత తీసిన సోడా సీసాలా.

"ఉస్తాద్," అన్నారు అంకుల్, "ఐదు ట్రేలు మళ్ళ లోపల పెట్టు. ఈ ఒక్కటి గాడ, నిప్పు పక్కకు పెట్టు. అది మాడాలె."

"మాడాల్నా?" అన్నాడు ఉస్తాద్.

"మాడాల్నా?" అంది ప్రెసిడెంటమ్మ, ఇంకా గట్టిగా. "గుడి కేకు కావాలని మాడవెడ్తరా? ఏం జేస్తున్నరు మీరు?"

"చేసి చూస్తున్నమ్మా."

"మీ ముక్కుకేమైంది?"

భట్టీ చుట్టూ యాభైమంది ఉన్నారు. మిషిన్ కూడా ఆగి ఉంది. గుట్టు విప్పడానికి ఇంతకంటే చెడ్డ సమయం దొరకదు. ఆయన కోటు బొత్తాలు సర్దుకున్నారు.

"ముక్కు పోయిందమ్మా. ఏడాదిన్నరాయె. పోయినసారి ఈ పిల్లగాని ముక్కు. ఇయ్యాల అది గూడ పోయింది. పచ్చిది ఎట్ల మాట్లాడుతదో విన్న. మాడింది ఎట్లుంటదో వింటె, నడుమ ఏడ తియ్యాల్నో తెలుస్తది. ఒక్క ట్రే పోతది. మినిట్సుల రాస్కోండ్రి."

ప్రెసిడెంటమ్మ రాసుకోవడానికి పెన్ను తియ్యలేదు.

మాడిన ట్రే బయటికి వచ్చింది. చెవి పెట్టాం. చడీ చప్పుడు లేదు. అంటే, చిటచిట మొత్తం ఆగిపోతే ఆలస్యమైనట్టు. అక్కడక్కడ ఒక్కో చిటుకు మిగిలి ఉండగానే తియ్యాలి. రెండు కొసలూ దొరికాయి. ఆ తర్వాత ఉస్తాద్ ఒక్కో ట్రే భట్టీ నోటి దాకా లాగడం, అంకుల్ చెవి పెట్టడం, "ఇంకా ముచ్చట వెడ్తున్నది, తొయ్యి" అనడం. ఏడో ట్రే దగ్గర ఆత్రంలో కాలుతున్న రేకుకు చెవి తగిలింది. "అబ్బా" అని ఎగిరి, కేకు క్రీము పూసుకుని, రెండో చెవి పెట్టారు.

ప్రెసిడెంటమ్మ మెల్లగా దగ్గరికి వచ్చింది. "నిజంగ వినవడ్తదా?"

"చేసి చూడమ్మా."

ఆమె అటూ ఇటూ చూసి, కొంగు వెనక్కి వేసుకుని, వంగింది. చాలాసేపు అట్లాగే ఉంది. లేచినప్పుడు ఆమె ముఖం వేరేగా ఉంది. "ఏదో అంటున్నది," అంది చిన్నగా. పదో ట్రే దగ్గర అంకుల్‌ని పక్కకు జరిపింది. పన్నెండో ట్రే దగ్గర అంకుల్ "ఇంకో నిముషం" అంటే ఆమె, "ఊహూ. అయింది. తియ్యి!" అంది. ఉస్తాద్ అంకుల్ వైపు చూశాడు. అంకుల్ తలూపారు. తీశాడు. ఆమె చెప్పిందే కరెక్టు.

ఆమె తెచ్చిన డబ్బా కేకు మధ్యలో ఎవరు తిన్నారో తెలియదు. ముక్కు మూసుకుపోయింది కాబట్టి నాకు రుచి తెలియలేదు.

పండగ ఆరాధనలో లాబంకుల్ కుడిచెవి మీద పసుపు, ప్రెసిడెంటమ్మ ఎడమచెవి మీద పసుపు. ఇద్దరూ ఒకే వరసలో కూర్చున్నారు. పదిహేడు ట్రేలు పంచాం. కమిటీలో డబ్బా కేకు మాట మళ్ళీ రాలేదు.

పోయిన డిసెంబరు ఆయనకు ఆఖరిది. ఆ పొద్దున భట్టీ ముందు నేనూ ప్రెసిడెంటమ్మా చెవులతో పోట్లాడుకున్నాం. నాకు జలుబు లేదు గానీ ముక్కును ఎవరూ లెక్క చెయ్యలేదు. లాబంకుల్ తెల్ల కోటులో, చేతులు వెనక్కి కట్టుకుని, మా వెనక నిలబడ్డారు. ఒకసారి మాత్రం ఇద్దరం "అయింది" అనబోతుంటే, "ఒక్క నిముషం ఆగుండ్రి," అన్నారు. ఆగాం. అదే కరెక్టైంది. అంత దూరం నుంచి ఆయనకు ఎట్లా వినబడిందా అని ఆయన చెవుల్ని మెచ్చుకున్నాం.

షట్టరు మెట్టు మీద కూర్చుని ఇంత దాకా గుర్తు చేసుకున్నాక, పుస్తకంలో ప్లమ్ కేకు పేజీ తీశాను. కత్తి గుచ్చితే పిండి అంటకుండా రావాలని అచ్చులో ఉంది. పక్కన: "సగం అబద్ధం." దాని కింద, నీలం ఇంకుతోనే, వరసగా నాలుగు: తడి కుక్క. కొత్త చెప్పుల షాపు. అమ్మమ్మ పెట్టె. బస్సు బ్రేకు. "పిల్లగాడు పెట్టిన పేర్లు" అని రాసి ఉంది.

ఆ కింద ఇంకో రెండు వరసలున్నాయి. నల్ల ఇంకు. తర్వాత ఎప్పుడో రాసింది.

"నిజం. రెండోది తప్ప. చెప్పులు గాదు. పిల్లగాన్ని మళ్ళ చూడమనాలె."

రెండోసారి చదివినప్పుడు ఆగాను. వాసన రాని మనిషికి, రెండోది చెప్పుల వాసన కాదని ఎట్లా తెలిసింది?

పోపు మాడిందని ఎట్లా తెలిసింది?

ఎప్పుడో తెలియదు, ముక్కు వాపసు వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే పోయిన డిసెంబరు "తియ్యి" అనే పని మళ్ళీ ఆయనదే అయ్యేది. నేనూ ప్రెసిడెంటమ్మా మళ్ళీ బెంచీ మీద కూర్చుని జీడిపప్పు కాపలా కాసేవాళ్ళం. దేనికోసమైతే ముక్కు పోయిన సంగతి ఏడాదిన్నర దాచారో, దాన్ని వదులుకోవడానికి ముక్కు వచ్చిన సంగతి దాచారు. పోపు దగ్గర మాత్రం ఉండబట్టలేకపోయారు.

కళ్ళు కాస్త మండాయి. అబిడ్స్‌లో దుమ్ము ఎక్కువ.

పుస్తకం పట్టుకుని లేస్తే అమ్మేవాడు చేతిలోంచి తీసుకుని పేజీలు తిప్పాడు. "ఇది ఖరాబైంది అన్నా, మొత్తం రాతలున్నయ్. గిదే పుస్తకం సాఫ్‌ది ఉన్నది, ఇయ్యాల్నా?"

"వద్దు. దాంట్లో అన్నీ అబద్ధాలే ఉంటయ్."

వాడు నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, పుస్తకం ఇచ్చేశాడు. బస్సులో మొత్తం తిరగేశాను. "నిజం" అనే మాట ఆ పుస్తకంలో ఇంకెక్కడా లేదు.

సోమవారం ఆఫీసు నుంచి వస్తూ అబిడ్స్‌లో దిగి, ఒక చెప్పుల షాపులోకి పోయాను. గోడ నిండా కొత్త చెప్పులు. నడి షాపులో నిలబడి, కళ్ళు మూసుకుని, ముక్కు పైకెత్తి గట్టిగా పీల్చాను. జిగురు, రబ్బరు, అట్టపెట్టెలు. అంకుల్ రాసిందే కరెక్టు. ఏ కేకుకూ ఈ వాసన రాదు.

కళ్ళు తెరిస్తే సేల్స్‌మన్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. "ఏమైంది సార్?"

"ఇది కాదు."

"వేరేది చూపియ్యాల్నా?"

"వద్దు భాయ్," అన్నాను. "నేనే చేసి చూడాలె."